సంతకం మీది, టోకెన్ ఆయన సొరుగులో

ఈసారి వచ్చిన ఉత్తరం ఏడు పేజీలు. రాసినావిడ విశాఖపట్నంలో ఉంటారు. వయసు ముప్పై రెండు, ఒక ఆడపిల్ల. పేరు వద్దన్నారు. విషయం చెడకుండా కుదించి చెబుతాను.

ఆవిడ సివిల్ ఇంజనీరింగ్ చదివారు. పెందుర్తి అవతల డేటా సెంటర్ కడుతున్న ఓ కంపెనీలో అనుమతుల ఫైళ్లు చూస్తారు. ప్లాన్ అప్రూవల్, పొల్యూషన్ బోర్డు, ఫైర్, కరెంటు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే వెళ్తాయి. ఉద్యోగం ఇప్పించింది మేనమామ. ఆయనా, కంపెనీ ఎండీ చిన్నప్పటి స్నేహితులు. రెండేళ్ల కిందట నాన్నగారికి బైపాస్ అయితే మూడున్నర లక్షలు కట్టింది కూడా ఆ మేనమామే. భర్త ఓ ప్లాంటులో కాంట్రాక్టు ఉద్యోగి. ఏ నెల జీతం ఏ తారీఖున పడుతుందో ఆ నెలలోనే తెలుస్తుంది. ఇంటి అద్దె, పాప ఫీజు ఈవిడ జీతం మీద నడుస్తాయి.

మొదటి చిక్కు భవనంది. ఒక బ్లాకు 19,400 చదరపు మీటర్లు. దాని అఫిడవిట్ మీద ఆవిడే డిజిటల్ సంతకం చేశారు. ఆర్నెల్ల తర్వాత ఆనుకుని ఇంకో బ్లాకు లేచింది. అది 18,700, ఇంకో కంపెనీ పేరు మీద. డైరెక్టర్లు వాళ్లే. గేటు ఒకటే, కరెంటు లైను ఒకటే, జనరేటర్ల యార్డు ఒకటే. రెండో దాని అఫిడవిట్‌లో ‘ఈ స్థలానికి ఆనుకుని మా యాజమాన్యపు నిర్మాణం వేరే ఏదీ లేదు’ అని ఉంది. దాని కిందా ఈవిడ డిజిటల్ సంతకమే. తేదీ చందనోత్సవం రోజు, సమయం ఉదయం 11.42. ఆ సమయానికి ఈవిడ సింహాచలం కొండ మీద అత్తగారితో కలిసి క్యూలో నిలబడి ఉన్నారు. సంతకం టోకెన్, అంటే ఆ డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ, జనరల్ మేనేజర్ సొరుగులో ఉంది. ఉద్యోగంలో చేరిన రోజునుంచీ అక్కడే ఉంది.

రెండో చిక్కు కంప్యూటర్లది. ఇరవై రెండు రోజుల కిందట ఓ ఆదివారం రాత్రి సైటు ఆఫీసు సర్వర్‌లో ఫైళ్లన్నీ తాళం పడ్డాయి. తెర మీద డబ్బు అడుగుతూ ఇంగ్లిష్‌లో ఓ నోటు. చిల్లర్లు, అంటే చల్లబరిచే యంత్రాలు, అమర్చే వెండర్ బయటినుంచి లాగిన్ అవడానికి పెట్టుకున్న దారి మూయకుండా వదిలేశాడట, అందులోంచి హ్యాకర్లు వచ్చారు. కూలీల వేలిముద్రల హాజరు, సీసీటీవీ, జనరేటర్ల కంట్రోలు ప్యానెల్, అన్నీ ఆ సర్వర్ మీదే. బ్యాకప్‌నుంచి మళ్లీ ఎక్కించారు. ఎక్కడా రిపోర్టు చేయలేదు. పాత డిస్కులు ఫార్మాట్ కొట్టేయమని ఐటీ కుర్రాడికి చెప్పారు. వాడు భయపడి ఇంకా కొట్టలేదు.

ఇప్పుడీ రెండూ ఒకే కాగితం మీదకు వచ్చాయి. డేటా సెంటర్‌లో చోటు అద్దెకు తీసుకోబోయే కంపెనీ ఓ కంప్లయన్స్ సర్టిఫికెట్ అడిగింది. చట్టప్రకారం కావలసిన అనుమతులన్నీ ఉన్నాయని ఒక వాక్యం. గత పన్నెండు నెలల్లో ఏ సైబర్ సంఘటనా జరగలేదని ఇంకో వాక్యం. సంతకం చేయాల్సింది ఈవిడ, సోమవారంలోగా.

“ఇవన్నీ అందరూ చేసేవే అంటున్నారు జీఎం గారు. నేనే అతిగా ఆలోచిస్తున్నానా? నన్ను అరెస్టు చేస్తారా? మావయ్య మొహం ఎలా చూడను?” అని ముగించారు.

అమ్మా,

అతిగా ఆలోచించడం లేదు. కాకపోతే అన్నీ ఒకే ముద్దగా చేసి ఆలోచిస్తున్నారు, అందుకే నిద్ర పట్టడం లేదు. విడదీద్దాం.

ముందు బ్లాకుల విస్తీర్ణం సంగతి. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించి కట్టే భవనాలకు ముందుగా పర్యావరణ అనుమతి, అంటే మీరు ఆఫీసులో ఈసీ అనేది, ఉండాలి. ‘ముందుగా’ అన్న మాట అక్కడ ఊరికే పెట్టలేదు. స్థలానికి కంచె వేసుకోవడం దాకానే ఒప్పుకుంటారు, నేల చదును చేయడం కూడా అనుమతి వచ్చాకే. మీ రెండు బ్లాకులూ కలిపితే 38,100. విడివిడిగా చూపిస్తే ఏదీ గీత దాటదు. ఈ ముక్కలు కొట్టే విద్య పాతదే. పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్‌కూ పాతదే. అలాంటి కేసు వస్తే అక్కడ చూసేది కంపెనీ పేరును కాదు, గేటు ఎన్ని, లైను ఎన్ని, యార్డు ఎన్ని అన్నది. మీ ఉత్తరంలో మీరే మూడిటికీ ‘ఒకటే’ అని రాశారు.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, ఇంత దొంగచాటు అక్కర్లేదు. ఈ పరిమాణపు భవనాల దరఖాస్తు ఢిల్లీ దాకా వెళ్లదు, రాష్ట్రస్థాయి అథారిటీ చూస్తుంది. భవన నిర్మాణాలకు ప్రజాభిప్రాయ సేకరణ సభ కూడా లేదు. కలెక్టరుగారి ముందు టెంటు వేసి, ఊరివాళ్ల చేత తిట్లు తినే ఘట్టమే లేదు. నీళ్లు ఎక్కడివి, డీజిల్ ఎంత నిల్వ పెడతారు, జనరేటర్ల పొగ, చప్పుడు ఎటు పోతాయి, మురుగు ఏం చేస్తారు, ఇవి చెప్పాలి. కొన్ని నెలలు పడుతుంది. ఆ కొన్ని నెలలు మిగుల్చుకోవడానికి మీ మెడకు ఉరి కట్టారు. 2025 అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల మాట చెప్పినప్పటినుంచి మన ఊళ్లో డేటా సెంటర్ అన్న పదం ఆటోవాళ్ల నోట్లో కూడా నలుగుతోంది, దాంతోపాటే ఈ తొందర. ఇక ఆ ప్రశ్నలేమీ ఉత్తుత్తివి కావు. హుద్‌హుద్ తర్వాత కరెంటు లేకుండా రోజుల తరబడి ఉన్నవాళ్లం మనం. అలాంటప్పుడు ఆ యార్డులో జనరేటర్లన్నీ ఒకేసారి మోగితే పక్కనున్న ఊరి గతేమిటో ఎవరో ఒకరు ముందుగా అడగాలి కదా.

‘ఇండస్ట్రియల్ షెడ్డు అని రాసేస్తే మినహాయింపు ఉంది’ అని జీఎం గారు అన్నారని రాశారు. ఆ మినహాయింపు 2025 జనవరిలో వచ్చిన మాట నిజం. 2025 ఆగస్టు 5న సుప్రీంకోర్టు కొట్టేసిన మాట కూడా అంతే నిజం. ‘ముందు కట్టేద్దాం, తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందాం’ అన్నది ఆయన రెండో మాట. అలా కట్టాక ఇచ్చే అనుమతులు చెల్లవని అదే కోర్టు 2025 మే 16న చెప్పింది. నవంబరు 18న ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఆ తీర్పును వెనక్కి తీసుకుంది. అంటే ఆయన చెబుతున్న దారి ఉంది, కానీ ఒకే ఏడాదిలో మూసి, మళ్లీ తెరిచిన దారి అది. దాన్ని నమ్ముకుని ఆయన కట్టుకోవచ్చు. మీ సంతకంతో మాత్రం కాదు.

ఇప్పుడు అరెస్టు భయం. పర్యావరణ పరిరక్షణ చట్టంలో ఇదివరకు ఐదేళ్ల దాకా జైలు ఉండేది. జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణలతో 2024 ఏప్రిల్‌నుంచి దాని బదులు 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా పెనాల్టీ వచ్చింది. కాబట్టి ఈసీ లేదన్న ఒక్క కారణం మీద మీకు సంకెళ్లు పడవు. మీ చిక్కు ఈసీ కాదు, అఫిడవిట్. తెలిసి అబద్ధం రాసిన పత్రం ప్రభుత్వం ముందు పెట్టడం భారతీయ న్యాయ సంహిత కిందకు వచ్చే వ్యవహారం. పైగా తప్పుడు సమాచారం ఇచ్చినట్టు తేలితే ఇచ్చిన అనుమతినే రద్దు చేయొచ్చని ఈఐఏ నోటిఫికేషన్‌లోనే ఉంది.

“చిన్న ఉద్యోగిని, నన్నెవరు పట్టుకుంటారు” అని ఒకచోట రాశారు. ఆర్.ఆర్. వెంకటాపురం, అదే ఎల్‌జీ పాలిమర్స్ ప్లాంటు, మీకు గుర్తుండే ఉంటుంది. 2020 మే 7, తెల్లవారుజామున స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది పోయారు. ఆ ప్లాంటుకు పర్యావరణ అనుమతి లేదని అంతకు ఏడాది ముందే యాజమాన్యం అఫిడవిట్‌లో రాసుకుందన్న సంగతి తర్వాత బయటపడింది. జులైలో 12 మందిని అరెస్టు చేస్తే అందులో సీఈవో, డైరెక్టర్లు ఉన్నారు, షిఫ్టుల్లో పనిచేసిన ఇంజనీర్లూ ఉన్నారు. మీ సైటులో విషవాయువు లేదు, మీ కథ అది కాదు. ‘చిన్నవాళ్లను వదిలేస్తారు’ అన్నది మాత్రం ఈ ఊళ్లో ఉంటూ నమ్మదగ్గ మాట కాదు.

మరి చందనోత్సవం రోజు సంతకం? ఇక్కడ మీకు కాస్త చేదు మాట చెప్పాలి. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డిజిటల్ సంతకపు తాళం మీ అదుపులో ఉంచుకోవడం మీ బాధ్యత. అది వేరేవాళ్ల చేతిలో పడిందని సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు మీరు తెలియజేసేదాకా దానితో జరిగినదానికి మీరే జవాబుదారీ. టోకెన్ మీరే ఇచ్చారు, నాలుగేళ్లు అడగలేదు. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసంతో వాడితే మూడేళ్ల దాకా జైలని 66సి సెక్షన్ ఉంది, నిజమే. కానీ ‘ఆవిడ ఒప్పుకునే ఇచ్చింది, మోసం ఎక్కడుంది’ అని ఆయన అంటారు. మీ వైపునుంచి బలమైనది ఒకటుంది. ఆ 11.42 సంతకంలో అచ్చయి ఉంది, ఇక చెరపలేరు. ఆ రోజు మీ సెలవు మెయిలు, దర్శనం టికెట్టు, బస్సు టికెట్టు, ఏది ఉంటే అది ఇవాళే ఒక కవర్లో పెట్టండి.

నన్ను పెద్ద తెలివైనదానిగా ఊహించుకోకండి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేనూ ఓ ఆఫీసులో ఎం.బుక్కులో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో, ఖాళీ పేజీ మీద సంతకం పెట్టాను. కాలువ కొలతలు సాయంత్రం రాసుకుంటామమ్మా, మీకు బస్సు టైమయింది కదా అన్నారు పెద్దాయన. నాకు నిజంగానే బస్సు టైమయింది. రెండేళ్ల తర్వాత విజిలెన్స్ వాళ్లు ఆ పేజీ నా ముందు పెడితే 140 మీటర్ల కాలువ 410 మీటర్లుగా ఉంది. అంకె అటూ ఇటూ చేశారు, అంతే. ఆ పెద్దాయన ఎదురుగా కూర్చుని “కొలతలు అమ్మాయి తీసిందండీ” అన్నారు. నా సంతకం చూస్తే నాకే వింతగా అనిపించింది, అంత అందంగా ఉంది. మీ విషయంలో కార్బన్ మరక బదులు యూఎస్‌బీ ఉంది. తేడా అంతకంటే లేదు.

ఇక కంప్యూటర్ల సంగతి. ఇది మీకు తెలియని విషయం కాబట్టి దీన్ని ఎక్కువ భయంగా, ఈసీని తక్కువ భయంగా చూస్తున్నారు. నాకైతే తలకిందులుగా కనిపిస్తోంది. ఇక్కడ తప్పు దిద్దుకోవడం చాలా సులువు.

2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. కంప్యూటర్ దాడుల సమాచారం అందుకోవడానికి కేంద్రం పెట్టిన సంస్థ అది. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే దాడి, లాంటివి గమనించిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. కంపెనీలకూ, డేటా సెంటర్లకూ అని పేరు పెట్టి మరీ చెప్పారు. లాగ్స్, అంటే కంప్యూటర్లలో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు, 180 రోజులు దేశంలోనే భద్రంగా ఉంచాలి. పాటించకపోతే ఏడాది దాకా జైలు గానీ, కోటి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. కోర్టు దాన్ని విచారణకు తీసుకోవాలంటే సెర్ట్-ఇన్ తరఫు అధికారే ఫిర్యాదు చేయాలి. కాబట్టి ఆలస్యంగానైనా మనంతట మనం చెప్పడానికీ, వాళ్లు కనిపెట్టడానికీ చాలా తేడా ఉంటుంది. ఆరు గంటలు దాటి ఇరవై రెండు రోజులయింది కదా, ఇప్పుడు చెబితే ఒప్పుకున్నట్టు కాదా అని అడిగారు. అవును, ఒప్పుకున్నట్టే. ఇరవై మూడో రోజున ఒప్పుకోవడం అద్దెదారు ఆడిటర్ కనిపెట్టినదానికంటే ఎంతో నయం. మొదట తెలిసినంత చెప్పి, మిగతా వివరాలు తర్వాత పంపొచ్చు.

మీ ఉత్తరం ఐదో పేజీలో ఓ వాక్యం మామూలుగా రాసేశారు. ‘సెర్ట్-ఇన్‌కు పాయింట్ ఆఫ్ కాంటాక్ట్‌గా కూడా నా పేరే ఇచ్చారు, ఐటీ కుర్రాడు కొత్తవాడని.’ అమ్మా, ఈ వాక్యం మొదటి పేజీలో ఉండాల్సింది. రిపోర్టు చేయాల్సిన బాధ్యత కంపెనీదే, కానీ వాళ్లు ఫోను చేస్తే మోగేది మీ ఫోను. అదే మీకు అవకాశం కూడా. రిపోర్టు పంపడం మీ హద్దు దాటడం కాదు, మీ పనే.

డిస్కులు ఫార్మాట్ కాకూడదు. అది వేరే నేరం. సాక్ష్యంగా చూపాల్సి రావచ్చని తెలిసి ఎలక్ట్రానిక్ రికార్డు నాశనం చేస్తే న్యాయ సంహిత 241 కింద మూడేళ్ల దాకా పడుతుంది. చెప్పినందుకు జీఎం గారికే కాదు, బటను నొక్కిన ఆ కుర్రాడికీ పడుతుంది. వాడితో మాట్లాడండి. రాతపూర్వకంగా ఆదేశం అడగమనండి. ఆదేశాన్ని కాగితం మీద పెట్టమనగానే చాలా పనులు వాటంతటవే ఆగిపోతాయి, నా అనుభవంలో.

ఇంకొకటి, మీరు అసలు ప్రస్తావించనిది. ఆ సర్వర్‌లో కూలీల వేలిముద్రలు, ఆధార్ జిరాక్సులు ఉన్నాయి. శ్రీకాకుళంనుంచి, ఒడిశానుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్లవి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం. వ్యక్తిగత డేటా చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. డేటా లీకైతే డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లో వివరాలివ్వాలి, డేటా పోయినవాళ్లకూ చెప్పాలి అన్న బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. అది వచ్చేదాకా చెప్పకపోయినా ఆ చట్టం మిమ్మల్ని పట్టుకోదు. కానీ రిపోర్టులో ఆ సంగతి రాయండి. వాళ్లకు ఈ పత్రికా అందదు, మీ ఎండీ గారూ చెప్పరు.

ఇక ఏం చేయాలి. మీరే తేల్చుకోవాలి, నేను దారులు చెబుతాను. ఏ దారికైనా మొదటి అడుగు ఒకటే, ఆ టోకెన్. “నా డిజిటల్ సంతకం టోకెన్ చట్టప్రకారం నా దగ్గరే ఉండాలి, ఇవాళ తీసుకుంటున్నాను” అని ఒక మెయిలు పెట్టి, వెళ్లి అడగండి. గొడవ వద్దు, కారణాలు వద్దు. ఇవ్వకపోతే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాసి రద్దు చేయించండి, అది మీ హక్కు. దీనికి ఫలితం ఉంటుంది. జీఎం గారికి విషయం అర్థమవుతుంది. ఇంకొకరి పేరున టోకెన్ తీయిస్తారు, మిమ్మల్ని ఫైళ్లకు దూరం పెడతారు. బహుశా మీకు అదే మేలు.

సోమవారం కాగితం మీద ‘నాకు తెలిసినంతవరకు’ అని చేర్చి సంతకం పెట్టొచ్చా అని అడిగారు. మీకు తెలుసు కదమ్మా, చిక్కు అదే కదా. తెలియనివాళ్లకు ఆ మాట గొడుగు. తెలిసినవాళ్లకు చిల్లుల గొడుగు. ఆ రెండు వాక్యాలూ కొట్టేసి మిగతాది సంతకం చేస్తానని చెప్పండి. లేదా డైరెక్టర్లలో ఒకరిని చేయమనండి. అంతా సవ్యమే అయితే వాళ్లకు అభ్యంతరం ఏముంటుంది? ఇక్కడ ఉద్యోగం పోయే అవకాశం ఉంది, దాచను. మాటలు కాస్త గట్టిగా వస్తాయి, వచ్చే నెల జీతం ఆగొచ్చు. ఆ సంగతి ముందే మీ ఆయనకు చెప్పి ఉంచండి. ఏడు పేజీల్లో ఆయనకు ఇదంతా తెలుసో లేదో ఎక్కడా రాయలేదు.

కంపెనీలోనే ఉండి సరిచేయించాలనుకుంటే ఎండీకి నేరుగా ఒక మెయిలు రాయండి. ఆరోపణలా కాదు, ఫైలు నోటులా. రెండు బ్లాకుల విస్తీర్ణం కలిపితే ఇంత, ఉమ్మడి సదుపాయాలు ఇవి, కలిపి ఒకే ప్రాజెక్టుగా ఈసీకి దరఖాస్తు చేయాలని నా అభిప్రాయం, రెండో అఫిడవిట్ నేను సెలవులో ఉన్న రోజున నా టోకెన్‌తో వెళ్లింది, దాన్ని సరిచేస్తూ అధికారులకు లేఖ పంపాలి, ఫలానా తేదీన జరిగిన సైబర్ సంఘటన రిపోర్టు చేయాలి. ఎనిమిది వరుసలు చాలు. ‘దయచేసి’ ఒకసారి చాలు. ఎండీకి ఇది నిజంగా తెలియకపోవచ్చు కూడా. జీఎంలు తమ నెలవారీ టార్గెట్టు కోసం ఎండీలకు తెలియని సాహసాలు చేయడం నేను చూశాను. తెలిసే చేయిస్తుంటే, ఆ మెయిలు తర్వాత మీకక్కడ రోజులు లెక్కే. కానీ ఐటీ చట్టంలో కంపెనీ నేరాలకు బాధ్యుల్ని లెక్కగట్టేటప్పుడు, తన వంతు జాగ్రత్త తీసుకున్నానని చూపగలిగినవాళ్లకు వెసులుబాటు ఉంది. ఆ ఎనిమిది వరుసలే మీ జాగ్రత్త.

బయటికి వెళ్లే దారి కూడా ఉంది. రాష్ట్ర పర్యావరణ అథారిటీకి, పొల్యూషన్ బోర్డుకు రాయొచ్చు, చెన్నైలోని గ్రీన్ ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లొచ్చు. నేను దీన్ని మొదటి అడుగుగా చెప్పను. ప్రైవేటు కంపెనీలో తప్పు బయటపెట్టిన ఉద్యోగిని కాపాడే చట్టం మన దగ్గర లేనట్టే. విజిల్ బ్లోయర్ల చట్టం 2014లో చేశారు గానీ అది ప్రభుత్వోద్యోగుల అవినీతి గురించి, అదీ అమల్లోకి తేలేదు. లిస్టెడ్ కంపెనీలు, బ్యాంకులనుంచి 50 కోట్లకు మించి అప్పు తెచ్చుకున్న కంపెనీలు ఫిర్యాదులకు లోపల ఒక ఏర్పాటు పెట్టాలని కంపెనీల చట్టం చెబుతుంది. మీదానికి బ్యాంకు అప్పు ఎంతో మీకే తెలుస్తుంది. ఉంటే అది వాడండి. బయటికి వెళ్లినా కంపెనీ డేటా పెన్‌డ్రైవ్‌లో దింపుకుని మాత్రం వెళ్లకండి. అది ఐటీ చట్టం కింద మిమ్మల్నే పట్టించే పని. మీకు వచ్చిన మెయిళ్లు, మీరు పంపినవి, మీ పేరున వెళ్లిన అఫిడవిట్ కాపీ, ఇవి చాలు. వీటిలో కూడా ఏది మీ దగ్గర ఉంచుకోవచ్చో లాయరు చెబితే మంచిది. డబ్బు భయం వద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 1987 చట్టం ప్రకారం. విశాఖలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి అడగండి.

ఉద్యోగం మానేస్తే? భారం తగ్గుతుంది, చెరిగిపోదు. పాత సంతకాలు పాతవాటి మీదే ఉంటాయి. మానేసే పక్షంలో మిమ్మల్ని ఆథరైజ్డ్ సిగ్నేటరీగా తీసేసినట్టు రెండు కంపెనీల బోర్డు తీర్మానాల కాపీలు, పాయింట్ ఆఫ్ కాంటాక్ట్ మార్చినట్టు కాగితం తీసుకున్నాకే బయటికి రండి. ఏమీ రాయకుండా వెళ్లిపోవడం అన్నిటికంటే చెడ్డది. రేపు ‘ఆ ఫైళ్లన్నీ ఆవిడే చూసేది, మానేసి వెళ్లిపోయింది’ అంటారు.

మావయ్య దగ్గరికి వస్తున్నాను. మీ ఉత్తరంలో రెండు పేజీలు ఆయనవే. అంటే అసలు టెన్షన్ చట్టం కాదు, ఆయన. మూడున్నర లక్షలు అప్పుగా ఇచ్చారో సాయంగా ఇచ్చారో మీకే తేలలేదు, అదే మిమ్మల్ని వంచుతోంది. ఒక్క మాట ఆలోచించండి. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి రేపు నోటీసు వస్తే, మావయ్య స్నేహితుడికీ మేనకోడలికీ మధ్య నిలబడాల్సి వస్తుంది. ఇవాళ చెబితే ఆయనకు ఆ అవస్థ తప్పించినట్టు. ఇంటికి వెళ్లండి, అత్తయ్యగారు లేనప్పుడు కాదు, ఉన్నప్పుడే. కంపెనీ మంచిచెడ్డలు, ఈసీలు, సెక్షన్లు చెప్పకండి, తల తిరుగుతుంది. ఆ అఫిడవిట్ ప్రింటు ముందు పెట్టి, “మావయ్యా, ఈ సంతకం పడ్డప్పుడు నేను కొండ మీద ఉన్నాను” అనండి. అంతకంటే ముందుగా ఏమీ అడగకండి. “నువ్వు సర్దుకుపోవాలమ్మా” అంటారేమో, అనొచ్చు. “నేను వాడితో మాట్లాడతాను” అంటే మాట్లాడనివ్వండి, కానీ మీ మెయిలు వెళ్లాకే. ముందు మాట్లాడితే మీ మెయిలు ఆయన మాట కింద పడిపోతుంది. అప్పు సంగతి ఆ రోజు ఎత్తకండి. అది ఇంకో రోజు, నెలకింత అని లెక్క చెప్పి మాట్లాడాల్సిన విషయం.

నేను మీ చోట ఉంటే టోకెన్, సెర్ట్-ఇన్ రిపోర్టు, ఎండీకి మెయిలు, మావయ్య, ఈ వరసలో చేస్తాను. కానీ మీ ఇంటి అద్దె నేను కట్టడం లేదు కాబట్టి వరస మీరు మార్చుకోవచ్చు.

బ్లాకుల కొలతలు, సైటు ఉన్న చోటు, రోజుల లెక్క కాస్త మార్చే అచ్చువేశాను, మిమ్మల్ని ఎవరూ పోల్చుకోలేరు. అన్నట్టు, టోకెన్ పిన్ కొన్ననాటినుంచి 12345678 అని, అది ఆఫీసులో అందరికీ తెలుసని చివర్లో బ్రాకెట్లో రాశారు. టోకెన్ చేతికి రాగానే ఆఫీసులోనే, బ్యాగులో వేసుకోకముందే, అది మార్చండి.